గట్టు మీద బోణీ

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టుకి వెళ్ళే దారిలో ఒక మోటారు సామాన్ల కొట్టు ఉంది. స్టార్టర్లు, వైర్లు, ప్యానెల్ బోర్డులు, చేపల చెరువుల్లో నీటిని చిలికే ఏరియేటర్లకి కావలసిన విడిభాగాలు అందులో దొరుకుతాయి. కొట్టు వెనక ఇంకో గది, రెండింటికీ మధ్య పూల కర్టెన్. రోజూ పొద్దున్నే ఇందిర ఆ కర్టెన్ వెనక స్టూలు మీద కూర్చుని, ముందు గదిలో మొదటి బేరం ఎప్పుడవుతుందా అని చెవులొగ్గి ఉండేది. వీధిలో బండి ఆగిన చప్పుడు. కెపాసిటర్ ఉందా అండీ అని ఎవరిదో గొంతు. గల్లాపెట్టె సొరుగు లాగిన చప్పుడు. ఆ వెనకే మరిది ఫణీంద్ర పిలుపు.

"అయిందండీ వదినా, ఇక రండి."

అప్పుడామె కర్టెన్ పక్కకి తోసి, మూలనున్న బల్ల దగ్గరికి వచ్చి, టంకం కడ్డీ ప్లగ్గులో పెట్టేది.

ఇందిర భర్త గిరిధర్ కరోనా రెండో విడతలో పోయాడు. కొట్టు ఆయన పెట్టిందే. ఆయన ఉన్నంతకాలం ఆమె గల్లాపెట్టె పక్కనే కూర్చునేది. టంకం పెట్టడం, మోటారు చుట్టడం, మీటరు పెట్టి వైరు ఎక్కడ తెగిందో పట్టుకోవడం, అన్నీ ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నవే. పిల్లలు లేరు. ఆయన పోయిన కొన్నాళ్ళకి ఆమె మేడ మీంచి మళ్ళీ కొట్లోకి దిగిన రోజున ఫణీంద్ర కుర్చీ తుడిచి వేశాడు. మంచినీళ్ళు తెప్పించాడు. ఎంతో నెమ్మదిగా చెప్పాడు.

"మీరు రావద్దని కాదు వదినా. ఇది మీ కొట్టే. బోణీ అయ్యాక రండి, అంతే. మీకు తెలీనిదేముంది."

నిజమే, తెలీనిదేమీ లేదు. వర్తకుల ఇంట్లో పుట్టి వర్తకుల ఇంటికి వచ్చిన మనిషి. రోజులో మొదటి బేరం ఎలాంటి చేత్తో జరిగితే రోజంతా అలా నడుస్తుందనీ, భర్త పోయిన ఆడదాని చెయ్యి అందుకు పనికిరాదనీ చిన్నప్పుడే విన్నది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, పొద్దున్నే ఫ్యూజు వైరు కోసం వచ్చిన ఒక పెద్దావిడతో "కాసేపాగి రండి మామ్మగారూ" అని తనే అన్నది. ఆ పెద్దావిడ అలాగేనమ్మా అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. కర్టెన్ వెనక కూర్చున్న మొదటి వారంలో ఇందిరకి ఆ ముఖం గుర్తుకు తెచ్చుకుందామంటే రాలేదు, అలాగేనమ్మా అన్న గొంతు మాత్రం వచ్చింది.

మన వైపు మనుషులు ఎవర్నీ కసురుకోరు. అండీ అంటూనే గుమ్మం అవతల నిలబెడతారు. కసిరితే తిరిగి ఒక మాట అనొచ్చు, పోట్లాడొచ్చు, పదిమందిలో పెట్టొచ్చు. కుర్చీ తుడిచి వేసి, మంచినీళ్ళిచ్చి చేసే అవమానానికి ఏ స్టేషన్లో కేసు పెడతాం? ఎవరి మీద?

గుమ్మానికి ఇటువైపు ఇందిర ఆగినట్టే, అటువైపు మెట్టు మీద ఇంకో మనిషి కూడా బోణీ కోసం ఆగేది. నిడమర్రు దాటాక కొల్లేటి వైపున్న ఒక చేపల చెరువుకి కాపలా మనిషి, పేరు హన్నమ్మ. ఏరియేటర్లని దూరం నుంచి ఆన్ చేసే రిమోట్లు పాడైనప్పుడల్లా చెరువు యజమాని ఆమెని మొదటి బస్సుకి పంపేవాడు. ఆమెకీ భర్త లేడు. సంచి ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చునేది. కూర్చోమని ఫణీంద్ర ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం అతనికి రాకుండా ఆమే చూసుకునేది.

ఫణీంద్ర దేవుడి పటాలకి అగరుబత్తి వెలిగిస్తుంటే, అతని వీపు మీదుగా ఈ ఇద్దరూ మాట్లాడుకునేవారు.

"ఉన్నారా అమ్మగారూ?"

"ఉన్నా హన్నమ్మా. ఇంకా అవలేదు."

"ఇక్కడా అవలేదండి. ఎదురు కొట్టాయనకి అప్పుడే రెండు బేరాలు. మనోళ్ళే ఇంకా నిద్దర్లు లేవలేదు."

ఇందిర నువ్వు అనేది, హన్నమ్మ మీరు అనేది. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే వయసు. ఒకే కారణానికి ఒకే కొట్టు ముందూ వెనకా ఆగిన వాళ్ళ మధ్య కూడా ఆ తేడా అలాగే ఉంది. దాచి రాయడం నాకు ఇష్టం లేదు.

హన్నమ్మ తెచ్చే రిమోట్లన్నిటికీ ఒకటే జబ్బు. వాటి బటన్లు రబ్బరువి, పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. చెరువులో చేపలకి వేసే తౌడు చేతులకి అంటుకుని, తడితో ముద్దై, బటన్ చుట్టూ సందులో దూరి గట్టిపడుతుంది. కొన్నాళ్ళకి బటన్ నొక్కినా లోపలికి పోదు. లేదా పోయి పైకి రాదు. అంతకంటే పెద్ద జబ్బు ఇంకోటుంది. దేని బరువు పడినా అది నొక్కుకుంటుంది.

హన్నమ్మ భర్త అలాగే పోయాడు. ఏరియేటర్ రెక్కలకి చుట్టుకున్న నాచు తియ్యడానికి నడుంలోతు నీళ్ళలో దిగాడు. గట్టు మీద బుట్టలో రిమోట్ ఉంది. బుట్ట మీద తౌడు బస్తా ఒరిగింది. మోటారు తిరిగింది. అంతే. ఎవరూ నొక్కలేదు కాబట్టి ఎవరి తప్పూ లేదన్నారు. యజమాని పూలదండ తెచ్చాడు. కాపలా పని హన్నమ్మకే ఇచ్చాడు, ఊళ్ళో అందరూ మంచివాడన్నారు. ఆ చెరువు ఒడ్డునే, అదే రకం రిమోట్ కొంగున కట్టుకుని ఆమె బతకాలి.

ఈ సంగతి హన్నమ్మ మెట్టు మీద కూర్చుని, ఇంకెవరి గురించో చెప్పినట్టు చెప్పింది. ఇందిర ఆ రోజు రిమోట్ బాగుచేసి ఇవ్వలేదు. "రేపు రా" అంది.

వెనక గదికి పాత తలుపుంది. దానికి అడ్డగడియ. పక్కకి జరిపితే తప్ప కిందికి పడదు, కిందికి పడితే తప్ప తలుపు బిగియదు. ఇందిర రోజూ దాన్ని వేస్తుంది, తీస్తుంది. బటన్ కూడా ఇలా ఉంటే ఏం, అనుకుంది. ముందు పక్కకి తొయ్యాలి, తోసిన చోటే నొక్కాలి. వదిలేస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాక్కుంటుంది. అప్పుడు బస్తా పడినా ఏనుగు తొక్కినా లోపలి స్విచ్చుకి తగలదు. తౌడు సంగతి మాత్రం చాలాకాలం తెగలేదు. జరిగే బటన్‌కి సందు ఇంకా ఎక్కువ, అందులో తౌడు ఇంకా సులువుగా దూరుతుంది. నైలాన్ ముక్కలు ఆకురాయితో అరగదీసి ఒకటి చేసేది, తౌడూ బురదా కలిపిన బకెట్లో ముంచేది, అది బిగుసుకుపోయేది, పారేసేది. చివరికి బటన్ అడుగు అంచుని ఏటవాలుగా కోసి, పెట్టె రెండు పక్కలా రెండు చీలికలు పెట్టింది. బటన్ జరిగిన ప్రతిసారీ ఆ అంచు తౌడుని గరిటెతో గీకినట్టు గీకి చీలికలోంచి బయటికి తోసేస్తుంది. ఎంత వాడితే అంత శుభ్రం.

ఒక సాయంత్రం బకెట్లోంచి తీశాక కూడా బటన్ టక్కున జరిగి పడినప్పుడు, చూపిద్దామని ఆమె పక్కకి తిరిగింది. పక్కన గిరిధర్ కుర్చీలో అట్టపెట్టెలున్నాయి.

అది దసరాల ముందు. పండగనాడు ఫణీంద్ర కొట్లో సామానంతటికీ పూజ చేశాడు. ఇందిర చేసిన రిమోట్ని పళ్ళెంలో పెట్టమంటే "దాన్ని తర్వాత చూద్దామండీ వదినా" అన్నాడు. ఆమె దాన్ని సంచిలో వేసుకుని నిడమర్రు బస్సెక్కింది. అక్కణ్ణుంచి ఆటో. ఆటో దిగి గట్టు మీద నడుస్తుంటే రెండు పక్కలా నీళ్ళు, వెదురు కర్రలకి వేలాడుతున్న తౌడు బస్తాలు, కర్రకొక కొంగ. హన్నమ్మ గుడిసె ముందు చేపలు ఎండబెడుతోంది. ఏలూరులో నర్సు ట్రైనింగు చదువుతున్న కూతురు గ్రేస్ సెలవులకి వచ్చి ఉంది.

"ఇదిగో హన్నమ్మా. వాడి చూడు."

హన్నమ్మ తోసి చూసింది. నొక్కి చూసింది. ఊరికే నొక్కి చూసింది, పడలేదు. మళ్ళీ నొక్కింది.

"ఎంతండి ఇది?"

"ఊరికే ఉంచుకో. డబ్బులేంటి?"

"ఊరికే అయితే నాకొద్దండి. పండగ పూటా కొత్త వస్తువు తెచ్చారు, బోణీ చెయ్యండి."

"నా చేత్తోనా?"

"చేసింది మీ చెయ్యేగా. ఇంకెవరి చేత్తో ఇత్తారండి, కలెక్టరు గారితో ఇప్పిత్తారా?" అని, గొంతు తగ్గించి, "అయినా మనిద్దరం కలిసి బోణీ చేసుకున్నామని తెలిత్తే మీ మరిదిగారు కొట్టు కడిగించుకుంటారండి" అంది.

"కొట్టే కాదు, మార్కెట్టు దాకా రోడ్డు కడిగిస్తాడు."

హన్నమ్మ కొంగు ముడి విప్పి మడత నోటు తీసి ఆమె అరచేతిలో పెట్టింది. ఇందిర దాన్ని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది. అదంతా గ్రేస్ ఫోనులో తీసింది. ఆ తర్వాత "లోపలెలా ఉందో చూపించండి ఆంటీ" అంటే, ఇందిర పెట్టె విప్పి ఏటవాలు అంచు, చీలికలు, స్ప్రింగు అన్నీ చూపించి చెప్పింది. గ్రేస్ ఆ వీడియోని యూట్యూబులో పెట్టింది. మా అమ్మకి ఇందిర ఆంటీ బోణీ అని పేరు పెట్టింది.

చలికాలంలో ఒక పంపుసెట్ల కంపెనీ మనిషి కొట్టుకి వచ్చినప్పుడు రిమోట్ చూసి ఆగిపోయాడు. పేటెంట్ ఉంటే మా కంపెనీ తీసుకుంటుంది, నెలనెలా మీకు కొంత వస్తుంది అన్నాడు. ఫణీంద్రే ఏలూరులో మధుబాబు అనే పేటెంటు ఏజెంటు దగ్గరికి ఆమెని తీసుకెళ్ళాడు. ఫణీంద్ర చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు, అదే దీనితో వచ్చిన చిక్కు.

తిరిగి వస్తూ ఇందిర పవర్‌పేటలో ఒక గది చూసింది. ఒక్క షట్టరు, లోపల బల్ల పట్టేంత చోటు, టు లెట్ బోర్డు. కంపెనీ మాట నిజమైతే అది తీసుకోవచ్చు. పొద్దున్నే తన చేత్తో తనే షట్టరు ఎత్తుకోవచ్చు. మొదట ఎవరొస్తే వాళ్ళే బోణీ. అప్పట్నుంచి ఏలూరు వచ్చినప్పుడల్లా ఆ వీధి మీదుగానే నడిచేది. పేటెంటంటే ఆమెకి ఆ షట్టరు. అంతకు మించి ఏమీ కాదు.

దరఖాస్తు రాసేటప్పుడు మధుబాబు అడిగాడు. "దీన్ని ఇంతకుముందు ఎక్కడైనా ప్రచురించారా అండీ? ఎవరికైనా ప్రదర్శించారా?"

"లేదండీ."

ఆమె అబద్ధం చెప్పలేదు. ప్రచురించడమంటే పేపర్లో వెయ్యడం, ప్రదర్శించడమంటే ఎగ్జిబిషన్లో పెట్టడం. బోణీ ఆ లెక్కలోకి వస్తుందని ఆమెకి ఎలా తోస్తుంది? వాళ్ళ ఇళ్ళలో బోణీ కాని వస్తువు ఇంకా వస్తువే కాదు, సగం చేసిన పని. అది అయ్యాకే ఆమె దృష్టిలో బటన్ పూర్తయింది, పూర్తయ్యాకే దరఖాస్తుకి తెచ్చింది. వేరే వృత్తివాళ్ళు ఎవరైనా ముందు కాగితం పెట్టి తర్వాత అమ్ముకునేవారేమో.

పేటెంటు ఆఫీసు నుంచి పరిశీలన నివేదిక రావడానికి చాలాకాలం పట్టింది. అందులో రెండు అభ్యంతరాలు. మొదటిది, ఒక విదేశీ కంపెనీ చేతి రేడియో పెట్టెకి జరిగే బటన్ ఎప్పుడో పెట్టింది, మీదాంట్లో కొత్తేముంది అని. దానికి మధుబాబు జవాబు రాశాడు. వాళ్ళ బటన్ జరిగేది తాళం పడడానికి మాత్రమే, మాది జరుగుతూ మట్టిని కూడా బయటికి తోస్తుంది, ఆ అంచు, ఆ చీలికలు వాళ్ళ బొమ్మల్లో లేవు. ఆఫీసు ఒప్పుకుంది. తాడేపల్లిగూడెం కర్టెన్ వెనక పుట్టిన అంచు ప్రపంచంలో ఇంకెక్కడా లేదని తేలింది.

రెండో అభ్యంతరం కింద గ్రేస్ వీడియో లింకు ఉంది.

"పరిశీలించినావిడకి తెలుగు వచ్చండీ, అదే మన కొంప ముంచింది" అన్నాడు మధుబాబు. "వేరే వాళ్ళయితే ఈ వీడియో వాళ్ళ కంట పడేదే కాదు."

"పని బాగా చేశారన్నమాట" అంది ఇందిర.

"బాగానే చేశారు. మనకే బాగాలేదు."

చట్టం ఏమంటుందో అతను విడమరిచి చెప్పాడు. దరఖాస్తు పెట్టకముందే వస్తువు గుట్టు నలుగురికీ తెలిసిపోతే అది కొత్తది కాదు. ప్రభుత్వం గెజెట్టులో ప్రకటించిన ఎగ్జిబిషన్‌లో చూపించిన వాళ్ళని చట్టం మన్నిస్తుంది, ఏడాది గడువిస్తుంది. చెరువు గట్టు మీద చూపించిన వాళ్ళకి ఆ మన్నింపు లేదు. చల్లటి హాలులో రిబ్బను కత్తిరించి పెట్టిన వస్తువు చట్టానికి అమాయకంగా కనిపిస్తుంది. అదే వస్తువు తౌడు చేతుల్లోకి వెళితే నేరుగా బజారున పడ్డట్టు కనిపిస్తుంది. ఈ చట్టం రాసినవాళ్ళు ఎప్పుడైనా నిడమర్రు బస్సెక్కారా అని అడగాలనిపిస్తుంది.

"ఒక్క సందుందండీ" అన్నాడు మధుబాబు. "పనిచేస్తుందో లేదో చూడ్డానికి, కేవలం పరీక్ష కోసం జనంలో వాడితే దోషం లేదు. అదీ దరఖాస్తుకి ముందు ఏడాది లోపల జరగాలి, మనది లోపలే కదా, సరిపోతుంది. కానీ అమ్మకం అయ్యుండకూడదు. మీరొక ప్రమాణపత్రం ఇవ్వాలి. హన్నమ్మ గారికి టెస్టు కోసం ఇచ్చాను, అమ్మలేదు అని."

"ఆవిడ నోటిచ్చింది కదండీ."

"బస్సు చార్జీ ఇచ్చారనుకోండి."

"కళ్ళకద్దుకున్నాను. బస్సు చార్జీ ఎవరైనా కళ్ళకద్దుకుంటారా అండీ?"

మధుబాబు నవ్వి, మళ్ళీ నవ్వాపుకున్నాడు. "హియరింగులో అడుగుతారు. మీరు టెస్టు అంటే చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

ఆమె హన్నమ్మకి ఫోన్ చేసింది. హన్నమ్మ మాట పూర్తిగా విననే లేదు.

"టెస్టని రాసెయ్యండి అమ్మగారూ. నన్ను కూడా సంతకం పెట్టమంటే పెడతాను. నాకేటి, బోణీ అంటే ఏటి, టెస్టంటే ఏటి. మీకు కొట్టొత్తాదిగా" అని, "ఈ చెరువు లీజు మారిపోతందండి. కొత్తాయన తన మనుషుల్ని పెట్టుకుంటాడంట. నేను అత్తిలిలో మా చెల్లి దగ్గరికి పోతాను. ఆ వీడియో ఎవరు చూత్తారింక" అంది.

అందరూ అదే మాట. ఇందిరకి కూడా అదే సబబనిపించింది. మధుబాబు పంపిన కాగితం బల్ల మీద పెట్టుకుంది, పెన్ను తీసుకుంది. అప్పటికి ఫణీంద్ర లోపలికొచ్చి పక్కన నిలబడ్డాడు.

"పెట్టెయ్యండి వదినా. ఇందులో అబద్ధం మాత్రం ఏముందండీ? అసలది బోణీ ఎలా అవుతుంది? పీట లేదు, దీపం లేదు. మీరూ, ఆవిడా..."

అక్కడ ఆగాడు. ఆగినందుకు తనే ఇబ్బంది పడి, టీ తెప్పించమంటారా అన్నాడు.

ఇందిర పెన్ను మూత పెట్టింది. ఆ కాగితం మీద సంతకమంటే ఫణీంద్ర మింగేసిన మిగతా సగం మాట కింద సంతకం. ఇన్నేళ్ళు కర్టెన్ వెనక కూర్చుంది. కూర్చోమంటే కూర్చుంది, కానీ ఒప్పుకుంటున్నానని ఎక్కడా రాసివ్వలేదు.

హియరింగు వీడియో కాల్‌లో. ఏలూరులో మధుబాబు ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు ఇద్దరూ కూర్చున్నారు. తెర మీద అధికారిణి, యాభై లోపు మనిషి, కళ్ళజోడు. ముందు మధుబాబుతో ఇంగ్లీషులో మాట్లాడింది. తర్వాత ఇందిర వైపు తిరిగి తెలుగులోకి దిగింది.

"వీడియోలో ఉన్నది మీరేనా అండీ?"

"నేనేనండి."

"ఆ రోజు ఆమెకి ఇచ్చింది, పనిచేస్తుందో లేదో చూడమనా?"

మధుబాబు బల్ల కింద కాలు కదిపాడు. ఇందిర తెర వంకే చూసింది.

"పనిచేస్తుందని నాకు అప్పటికే తెలుసండి. బకెట్లో ముంచి చూశాను. అది బోణీ."

"అమ్మకమా?"

"అవునండి."

అధికారిణి ఏదో రాయబోయి ఆగింది. "కొంచెం ఆలోచించుకుని చెప్పండి. మా ఊళ్ళో కూడా బోణీ అంటారు. శకునం కోసం ఊరికే చేతిలో పెడతారు, పైసలు లాంఛనం. మీరు ఇచ్చింది అలాగేనా?"

తలుపు తెరిచి పట్టుకున్న మనిషి గొంతు అది. ఇందిరకి అర్థమైంది. ఆ తలుపు అవతల పవర్‌పేట షట్టరుంది.

"శకునం కోసం నా చేతి వస్తువు ఎవరూ తీసుకోరండి. నాకు భర్త లేరు. ఆవిడ కావాలని కొనుక్కుంది. నేను అమ్మాను."

తెర మీద మనిషి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "రాసుకున్నానండీ" అంది. మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళిపోయింది.

బయటికొచ్చాక మధుబాబు చాలాసేపు బండి స్టాండు తియ్యకుండా నిలబడ్డాడు. "ఒక్క మాటండీ ఇందిర గారూ. ఒక్క మాటకి ఇంత పని..." అన్నాడు. ఆమె అతనికి క్షమాపణ చెప్పింది. అతను కష్టపడ్డాడు, అందుకు. చెప్పిన మాటకి కాదు.

దరఖాస్తు తిరస్కరించారు. ఉత్తర్వు వచ్చిన రోజు మధుబాబు ఫోన్లో చదివి తెలుగులో చెప్పాడు. దరఖాస్తుదారు ఇందిర ఈ పరికరాన్ని దరఖాస్తు తేదీకి ముందే హన్నమ్మ అనే కొనుగోలుదారుకి బహిరంగంగా విక్రయించినట్టు, ఆ విక్రయం నిజమైనదే అయినట్టు నిర్ధారణ అయింది.

"ఆ ముక్క ఇంకోసారి చదవండి."

"ఓడిపోయిన కాగితం రెండుసార్లు ఎందుకండీ?"

"చదవండి."

చదివాడు. ఆమె థాంక్సండీ అని పెట్టేసింది. హన్నమ్మకి చెబుదామని చేసింది. నంబరు పనిచేయడం లేదంది. అత్తిలి వెళ్ళాక మార్చేసిందేమో. గ్రేస్‌కి చేస్తే డ్యూటీలో ఉందన్నారు. మేడ మీద గదిలో చెప్పడానికి ఇంకెవరూ లేరు. ఇందిర అన్నం వండుకుని తిన్నది.

కంపెనీ మనిషి మళ్ళీ రాలేదు. పవర్‌పేట గదిలో ఎవరో ఫోన్ల కొట్టు పెట్టారు. బటన్ ఎవరి సొత్తూ కాదు కాబట్టి కొద్ది నెలల్లోనే ఏలూరు బజారులో దాని నకళ్ళు వచ్చాయి. కొన్నిటికి అంచు సరిగ్గా కోయలేదు, తౌడు పట్టేస్తుంది. అయినా బస్తా పడితే మాత్రం నొక్కుకోవు. ఆ ఒక్క సంగతి నకలు చేసినవాళ్ళు కూడా వదలలేదు. గట్ల మీద ఎవరికీ ఇందిర పేరు తెలీదు. తెలియాలని ఆమె అడగలేదు కూడా.

ఒకనాడు పొద్దున ఫణీంద్ర పటాలకి అగరుబత్తి తిప్పుతుంటే, ఇందిర కర్టెన్ తోసి ముందుకొచ్చింది. గిరిధర్ కుర్చీలోని అట్టపెట్టెలు కింద పెట్టి, కుర్చీని గల్లాపెట్టె పక్కకి లాక్కుంది.

"ఇంకా బోణీ అవలేదండీ వదినా."

"నాది అయింది ఫణీ. సర్కారు వాళ్ళు కూడా రాసిచ్చారు."

అతను అగరుబత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కోప్పడలేదు. కోప్పడడం రాదు అతనికి. చివరికి అగరుబత్తి గుచ్చి, "కాఫీ తాగొస్తానండీ" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

కొట్లో ఆమె ఒక్కతే. మెట్టు ఖాళీగా ఉంది. అటు చూడకూడదనుకుంటూనే చూసింది. మార్కెట్టు వైపు ఉల్లిపాయల లారీ పోయింది, పొట్టు గాలికి ఎగిరి మెట్టు మీద వాలింది.

ఒక చెరువాయన బండి దిగి వచ్చాడు. చేతిలో రిమోట్, బజారు నకలుది. గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. ఆమెని చూశాడు, పటాలని చూశాడు, ఖాళీ గల్లాని చూశాడు.

"ఫణి గారు లేరా అండీ?"

"వస్తాడండీ. ఏం కావాలో చెప్పండి, ఇస్తాను."

ఆయన ఆలోచించాడు. ఆలోచిస్తూ, చేతిలో ఉన్నదని గమనించకుండానే, బొటనవేలితో బటన్‌ని పక్కకి తోస్తూ వదిలేస్తూ ఉన్నాడు. టక్, టక్. అంచు కొంచెం పట్టేస్తోందని ఆ చప్పుడుకే ఆమెకి తెలిసింది.

"ఫరవాలేదండీ. కాసేపాగి వస్తాను."

"అలాగేనండీ" అంది ఇందిర.

ఆయన రోడ్డు దాటి కాఫీ హోటలు ముందు నిలబడ్డాడు, అక్కడ ఫణీంద్ర పక్కన. ఇద్దరూ ఇటు చూడకుండా ఏదో మాట్లాడుకుంటున్నారు. ఇందిర లేవలేదు. టంకం కడ్డీ ప్లగ్గులో పెట్టి, అది వేడెక్కేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు కేసి చూస్తూ కుర్చీలో కూర్చుంది.